రైతు దిగులును కూడ లెక్కలోనికి తీసుకొనవలెను

పంట లెక్క వేయునప్పుడు మనం నేల, విత్తనం, ఎరువు, నీరు, పెట్టుబడి, ధర అను ఆరు విషయాలను చూస్తాము. ఈ ఆరింటినీ నడిపించు ఏడవ విషయం ఒకటున్నది. అది రైతు మనస్సు. నేల సారం తెలుసుకొనుటకు మట్టి నమూనా తీసి పరీక్షకు పంపుతాము. ఎద్దు మేత మానితే ఆ సాయంత్రమే పశువైద్యుని పిలుస్తాము. ఇంటి యజమాని నెలల తరబడి సరిగా నిద్రపోక, వడ్డించిన అన్నం కెలికి లేచిపోతున్నా, "ఏదో పరధ్యానంలే" అని ఊరుకుంటాము. ఇది సరికాదు. అతి దిగులు వలన సేద్యానికి జరుగు నష్టం చీడపీడల వలన జరుగు నష్టానికి తీసిపోదు. దానిని గుర్తించు పద్ధతులున్నవి, తగ్గించు పద్ధతులున్నవి. వాటిని రైతు సోదరులు, సోదరీమణులు తెలుసుకొనవలెననీ, గ్రామోద్యోగులు వాటిని తమ పనిలో భాగంగా ఎంచవలెననీ చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ప్రాంతంలో కారణాలు లేకపోలేదు

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి వచ్చి అందులో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టినారు. జిల్లా మారినది, పేరు మారినది, కాని ఇక్కడి వాన తీరు మారలేదు. గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్టవేసి విజయనగర రాజుల కాలంలో నిర్మించిన కంభం చెరువు నిండిన ఏడు ఆయకట్టు రైతుది ఒక మాట, నిండని ఏడు మరొక మాట. ఆ చెరువు కూడ లేని గ్రామాలలో కంది, పత్తి, మిరప, సజ్జ, ఆముదం వంటి పంటలకు ఆకాశమో, బోరుబావో దిక్కు. చాలా చోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఉన్నందున త్రాగునీటి బెంగ కూడ తోడైనది. శ్రీశైలం వరద నీటిని నల్లమల కొండల క్రింద సొరంగాల గుండా తెచ్చుటకు ఉద్దేశించిన వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగినది. ఆ సంవత్సరం పుట్టిన బిడ్డ పెరిగి, పెద్దదై, తానే సేద్యంలోనికి దిగునంత కాలం ఈ ప్రాంతం ఆ నీటి కొరకు ఎదురుచూచినది.

ఇట్టి చోట "దిగులు పడకుము" అని చెప్పుట సులభమే గాని న్యాయం కాదు. దిగులుకు తగిన కారణాలు ఉన్నవి. అయితే కారణం ఉన్న దిగులు కూడ హద్దు మీరవచ్చును. హద్దు మీరినప్పుడు అది ఆ కారణాన్ని తొలగించుకొను శక్తినే తినివేయును. అందువలన ఈ రెంటినీ వేరుచేసి చూడవలెను.

జాగ్రత్త వేరు, అతి చింత వేరు

మృగశిర కార్తె రాకముందే విత్తనం సిద్ధం చేసుకొను రైతు రేపటిని గురించి ఆలోచించినవాడే. అది జాగ్రత్త. జాగ్రత్తకు ముగింపు ఉన్నది. విత్తనం తెచ్చి గాదెలో పెట్టగానే ఆ ఆలోచన తీరిపోవును. అతి చింతకు ముగింపు లేదు. వాన రాదేమో, వచ్చినా మొలవదేమో, మొలిచినా పురుగు తినునేమో, పండినా ధర రాదేమో, ధర వచ్చినా వడ్డీకే చాలదేమో అని ఒక "ఏమో" నుండి మరొక "ఏమో" పుట్టుచుండును. రాత్రంతా ఆలోచించినా తెల్లవారుసరికి చేయదగిన పని ఒక్కటి కూడ తేలదు. పశువు నెమరు వేస్తే తిన్న మేత పాలగును. మనిషి దిగులును నెమరు వేస్తే నిద్ర పాడగును.

దీనికి శరీరంలో జరుగు మార్పు కూడ తెలుసుకొనదగినది. గట్టు మీద పాము కనబడినప్పుడు గుండె వేగంగా కొట్టుకొని, కండరాలు బిగిసి, మనం ఒక్క ఉదుటున వెనుకకు దుముకుతాము. అడ్రినలిన్, కార్టిసాల్ అను స్రావాలు రక్తంలో చేరుటయే దీనికి కారణం. పాము పొదలోనికి పోయిన కొంతసేపటికి గుండె నెమ్మదించును. కాని అప్పు పాము వలె పొదలోనికి పోదు. ఎండిన బోరు ఎదురుగానే ఉండును. అందువలన శరీరం నెలల తరబడి పామును చూచినట్లే బిగిసియుండును. గుండెదడ, మెడనొప్పి, కడుపులో తిప్పుట, తొందరగా అలసిపోవుట, చిన్న మాటకే కోపం, చెప్పిన మాట చెవి కెక్కకుండుట, నిద్రలేమి ఈ బిగింపు వలన కలుగునవే. ఇది పిరికితనం కాదు, సోమరితనం కాదు, దయ్యం పట్టుట అంతకంటె కాదు.

దిగులు చేయించు ఖర్చులు

అతి దిగులు మనస్సులో ఉండి ఊరుకొనదు, చేత పని చేయించును. ఆ పనులు తరచు ఖర్చుతో కూడినవి.

మన ప్రాంతంలో మొదటి ఉదాహరణ బోరే. మార్కాపురం పలకలు ఏ రాతి నుండి వచ్చినవో అట్టి గట్టి రాతి పొరల పగుళ్ళలోనే మన భూగర్భజలం ఉన్నది. పగులు తగిలితే నీరు, తగలకపోతే దుమ్ము. ఒక బోరు ఎండగానే భయపడిన మనస్సు ఇంకొక వంద అడుగులు దించుమనును, అది కాకపోతే ఇంకొక మూల వేయుమనును. పోయిన డబ్బును పట్టుకొనుటకు మరింత డబ్బును గోతిలో పోయుట ఆలోచన కాదు, ఆదుర్దా. నిజం చెప్పవలెనంటే అతి చింత కూడ ఇట్టి బోరు వంటిదే. ఇంకొంచెం లోతుకు ఆలోచిస్తే జవాబు పడునని ఆశపెట్టి లోతుకు తీసుకొనిపోవును. జవాబు మాత్రం పడదు.

రెండవది పురుగుమందు. కంది పూతకు వచ్చినది, పక్క పొలంవారు మందు కొట్టినారు. పురుగు ఎంత ఉన్నదో చూడకుండానే మనమూ కొడతాము. ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టి, వాటిలో పడిన శనగపచ్చ పురుగు రెక్కల పురుగులను లెక్కించి, మొక్కలను కదిలించి చూచినవారికి మందు అవసరమో కాదో తెలియును. లెక్క చూడనివారికి దిగులే సలహాదారు. ఆ సలహాదారు ఎల్లప్పుడు "కొట్టుము" అనియే చెప్పును.

మూడవది తొందరపాటు అమ్మకం. ధర ఇంకా పడిపోవునేమో అను భయంతో కళ్ళం మీదనే వచ్చిన ధరకు తెగనమ్ముట మనకు క్రొత్త కాదు. నాల్గవది దీనికి వ్యతిరేకం, అనగా ఏమీ చేయకుండుట. దిగులుతో బ్యాంకు నోటీసు విప్పక, పంటల బీమా గడువు చూడక, ఎవరి ముఖం చూడలేక ఇంటిలో కూర్చొనువారున్నారు. గడువు దాటిపోయిన తరువాత దిగులుకు నిజమైన కారణం మరొకటి చేరును.

నీటి లెక్క నేర్పిన పాఠం

బెంగను లెక్కగా మార్చుట సాధ్యమని మన జిల్లా రైతులే చేసి చూపినారు. 2003 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రకాశం సహా 7 కరువు జిల్లాలలో రైతులే భూగర్భజలాలను చూచుకొను పథకం ఒకటి నడిచినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. ఆ గ్రామాలలో స్త్రీలు, పురుషులు వర్షమాపకం చూచి కురిసిన వానను వ్రాసినారు. బోర్లలోనికి తీగ దించి నీటి మట్టం కొలిచినారు. రబీ మొదలు కాకముందు అందరూ కూర్చొని, భూమిలో చేరిన నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని ఊరి నీటి బడ్జెట్ తయారుచేసినారు. చాలని చోట వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసుకున్న గ్రామాలున్నవి.

ఈ పథకం వాన కురిపించలేదు. "నీరు చాలునో చాలదో" అని ఎవరికి వారు చీకటిలో పడిన దిగులును పగటిపూట పదిమంది నడుమ "ఇంత ఉన్నది, ఇంత కావలెను, ఇది చేయుదము" అను మాటగా మార్చినది. చాలదు అను జవాబు వచ్చినప్పుడు సైతం అది చాలదేమో అను అనుమానం కంటె మేలు. చాలదని తెలిసినవాడు పంట మార్చుకొనును, చాలదేమో అనుకొనువాడు బోరు వేయును. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరకనే అనలేదు.

ఇంటిలో చేయదగినవి

ఇదే పద్ధతిని మన సొంత దిగులుకు కూడ వర్తింపజేయవచ్చును. మానసిక వైద్యులు చెప్పు మార్గాలలో మన పల్లె జీవితానికి అనువైనవి కొన్ని ఇక్కడ ఇస్తున్నాము.

మొదట వ్రాయండి. మనస్సులో తిరుగు దిగుళ్ళను ఒక్కొక్కటిగా కాగితం మీద పెట్టండి. మనది పలకల సీమ కాబట్టి పిల్లవాని పలక అయినా సరిపోవును. చేతిలో ఉన్నవి ఒక ప్రక్క, చేతిలో లేనివి ఒక ప్రక్క వ్రాయండి. వెలిగొండ నీరు, ఈశాన్య ఋతుపవనం, మార్కెట్టు ధర మన ఒక్కరి చేతిలో లేవు. పదిమందితో కలిసి అర్జీ పెట్టవలసినవి ఉంటే పెట్టవలెను. అంతటితో ఆ రాత్రికి వాటిని విడిచిపెట్టవలెను. చేతిలో ఉన్న ప్రతి విషయానికి ఎదురుగా తరువాత చేయవలసిన ఒక పని, అది చేయు రోజు వ్రాయవలెను.

అప్పు విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అని మొత్తం వ్రాసి, ఇంటిలోని వారికి చూపండి. భార్యకు తెలియకుండా అప్పు, భర్తకు తెలియకుండా అప్పు మోయు ఇండ్లు ఎన్నో ఉన్నవి. వ్రాయని అప్పు చీకటిలో దిబ్బ వలె అసలు కంటె పెద్దదిగా కనబడును. వ్రాసిన తరువాత ఏది ముందు తీర్చవలెనో, ఏ రుణం వాయిదా మార్చుమని బ్యాంకును అడుగవచ్చునో తెలియును. కౌలురైతులు 2019 నాటి చట్టం ప్రకారం ఇచ్చు సాగుదారు హక్కు పత్రం తీసుకొనుట ఇట్టి పనులలో ఒకటి.

రెండవది, దిగులుకు వంతు పెట్టండి. చెరువు క్రింద ఎవరి వంతు వచ్చినప్పుడు వారి మడికే నీరు పెడతారు. వంతు లేకుండా తూము తెరచియుంచితే పొలమంతా మునుగును. అట్లే సాయంకాలం అర్ధగంట దిగులుకు కేటాయించండి. ఆ వేళలో కూర్చొని కావలసినంత ఆలోచించి, వ్రాయవలసినవి వ్రాయండి. మిగిలిన వేళలో దిగులు వస్తే "నీ వంతు సాయంకాలం" అని చేతిలోని పనికి మరలండి. మొదట నాలుగు రోజులు మనస్సు మాట వినదు. రెండు మూడు వారాలు పట్టుదలతో చేస్తే గట్టు నిలుచును. పడక మీద మాత్రం దిగులుకు వంతు ఇవ్వరాదు. ఎంతకూ నిద్ర పట్టకపోతే లేచి కూర్చొని, నిద్ర వచ్చినప్పుడు మరల పడుకొనుట మేలు.

మూడవది, పదే పదే చూచుట, అడుగుట తగ్గించండి. గంటకొకసారి సెల్‌ఫోన్‌లో ధర చూచినంత మాత్రాన ధర పెరగదు, గుండెదడ మాత్రం పెరుగును. రోజుకు ఒకసారి నమ్మకమైన చోట చూస్తే చాలును. పంట సందేహాలకు పదిమందిని అడిగి పది మాటలతో తికమక పడుటకంటె రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుని గాని, 1800-180-1551 నెంబరులో కిసాన్ కాల్ సెంటరును గాని అడిగి నిర్ణయం చేసుకొనవలెను.

నాల్గవది శరీరం సంగతి. ఊపిరి నెమ్మదిగా లోనికి తీసి, అంతకంటె నెమ్మదిగా విడుచుట అయిదు నిమిషాలు చేస్తే బిగిసిన శరీరం కొంత సడలును. చీకటి పడిన తరువాత టీ మానుట నిద్రకు మంచిది. దిగులు మరచుటకని సారాయి త్రాగితే ఆ పూట నిద్ర వచ్చినట్లుండి, నడిరేయి మెలకువ వచ్చి, తెల్లవారి దిగులు రెట్టింపగును. భజన, కోలాటం, తిరుణాల, చుట్టాల రాకపోకలు మానవద్దు. మనస్సుకు అవి పనికిమాలినవి కావు.

డాక్టరును ఎప్పుడు చూడవలెను

దిగులు 6 నెలలుగా దాదాపు ప్రతిదినం వదలకుండా ఉండి, ఆపుకుందామన్నా ఆగక, నిద్రను, పనిని, సంసారాన్ని చెరుపుతూ ఉంటే అది జబ్బు కావచ్చును. దానికి చికిత్స ఉన్నది. మాటల ద్వారా చేయు చికిత్స, మందులు రెండూ పనిచేయును. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా ఇట్టి లక్షణాలే కనబడవచ్చును కాబట్టి ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో గాని పరీక్ష చేయించుకొనవలెను. నిద్రమాత్రలు దుకాణంలో అడిగి కొని వేసుకొనరాదు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అను ప్రభుత్వ సహాయం కూడ ఉన్నది. 14416 నెంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

ఆరు నెలలు ఆగకూడని సందర్భం ఒకటున్నది. "నేను పోతే అందరికీ బాధ తప్పును" అని మనిషి అన్నా, అట్టి తలపు మనకే వచ్చినా ఆ గంటలోనే సహాయం తీసుకొనవలెను. ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. "చనిపోవలెనని అనిపిస్తున్నదా?" అని సూటిగా అడుగవచ్చును. అడిగినందువలన లేని ఆలోచన పుట్టదు, ఉన్న భారం దిగును. పురుగుమందులు ఇంటి చూరులో, మంచం క్రింద ఉంచక తాళం వేసిన పెట్టెలో పెట్టి, తాళంచెవి మరొకరి వద్ద ఉంచవలెను. శ్రీలంక ప్రభుత్వం 1995 నుండి మిక్కిలి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించిన తరువాత ఆ దేశంలో ఆత్మహత్యలు బాగా తగ్గినవి. ఆ తలపు చాలమందిలో కొద్దిసేపే ఉండును. ఆ కొద్దిసేపు విషం చేతికి అందకుంటే ప్రాణం నిలుచును.

గ్రామోద్యోగులకు ఒక మాట

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో షోనా భాష మాట్లాడువారు ఇట్టి బాధను "కుఫుంగిసిసా" అంటారు. అతిగా ఆలోచించుట అని దాని అర్థం. ఆ దేశంలో మానసిక వైద్యులు చాల తక్కువ. డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో పెద్దవయసు స్త్రీలకు శిక్షణ ఇప్పించి, ఆసుపత్రుల ఆవరణలో చెట్టు నీడన బల్ల వేసి కూర్చొనబెట్టినారు. వారు వచ్చినవారి మాట విని, ఉన్న సమస్యలలో ఒకదానిని ఎన్నుకొని, దానికి ఒక పని ఆలోచించుటలో తోడ్పడుదురు. ఈ పద్ధతి వలన రోగుల బాధ తగ్గినదని 2016లో ప్రచురించిన పరిశోధన తేల్చినది. మనకు బల్ల క్రొత్తగా వేయనక్కరలేదు. ప్రతి ఊరిలో రచ్చబండ ఉన్నది, వేపచెట్టు ఉన్నది, ఓపికగల అవ్వలున్నారు. వినుట ఒక్కటే నేర్చుకొనవలసియున్నది.

పొలానికి వచ్చిన వ్యవసాయ సహాయకుడు పంట సంగతి అడిగిన తరువాత "నిద్ర ఎట్లా పడుతున్నది, పెద్దాయనా?" అని ఒక్క ప్రశ్న అడిగితే కాలయాపన కాదు. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు ఇంటింటికి పోవునప్పుడు మగవారు వలసపోయిన ఇండ్లలో సేద్యం, పశువులు, పిల్లలు, అప్పులవారి మాటలు ఒంటరిగా మోయు స్త్రీలను ప్రత్యేకంగా పలుకరించవలెను. వారి దిగులు తలనొప్పి, నడుమునొప్పి పేరుతో బయటపడును. రెవెన్యూ ఉద్యోగులు ఒక కాగితం ఎప్పటికి తయారగునో రోజు చెప్పి ఆ రోజుకు ఇస్తే, అది కూడ దిగులుకు మందే. "రేపు రా" అను మాట వలన పల్లెలలో పోయిన నిద్ర ఇంత అని చెప్పలేము.

అప్పు, కరువు ఉండగా మనస్సును కుదుటపరచుకొమ్మని చెప్పుట రైతు మీదనే తప్పు మోపుట కాదా అని కొందరు అడుగవచ్చును. ఆ శంక సరియైనదే. నీరు, రుణం, బీమా, ధర కల్పించవలసిన బాధ్యత నుండి ఈ మాటలు ఎవరినీ విడుదల చేయవు. దిగులు తగ్గించుకొమ్మనుట నోరు మూసుకొమ్మనుట కాదు. నిద్రపోయి లేచినవాడే అర్జీ సరిగా వ్రాయగలడు, బ్యాంకులో గట్టిగా అడుగగలడు, సభలో లేచి మాట్లాడగలడు.

కాబట్టి రైతు సోదరులారా, సోదరీమణులారా, ఈ సాయంకాలమే ఒక కాగితం తీసుకొని మీ దిగుళ్ళను వ్రాయండి. వాటిలో చేతిలో ఉన్న ఒక్క దానికి రేపటి పని నిర్ణయించండి. మీ ఊరిలో కొంతకాలంగా ఎవరితోనూ కలియక ముడుచుకొని ఉన్న మనిషి ఎవరో మీకు తెలియును. రేపు ఉదయం ఆ ఇంటి వైపుగా నడచి, అరుగు మీద కొంతసేపు కూర్చొనండి.